కుట్లు చూసి ఎంచుకున్న డాక్టరు

సిట్రస్ హేవెన్, ఫ్లోరిడా
జనవరి 11, 1997

బెర్నీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్లో అయితే నువ్వు నన్ను సగం మాట కూడా పూర్తి చేయనివ్వవు. కాగితం మీద అడ్డు తగలలేవు కదా, అందుకని.

సంగతేమిటంటే, నా గుండె తలుపు ఒకటి బిగుసుకుపోయిందట. గుండెలోంచి రక్తం బయటికెళ్లే చోట వాల్వు ఉంటుందే, అది. పోస్టు డబ్బా దాకా వెళ్లొస్తే ఆయాసం వస్తోందని మా మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు విని, ఫోటోలు తీయించి, "టిల్లీ గారూ, ఇది మార్చాల్సిందే. మంచి గుండె సర్జన్‌ని చూసుకోండి" అన్నాడు. ఎవర్ని చూసుకోమంటారయ్యా అంటే భుజాలెగరేశాడు. పేరు చెప్తే రేపు ఏదైనా అయినప్పుడు ఆ మాట తన మీదికొస్తుందట. నలభై ఏళ్లుగా డాక్టరు, ఒక్క పేరు నోట్లోంచి ఊడిపడదు.

నాకేమో డెబ్బై ఎనిమిది. పైగా ఎప్పుడో రొమ్ము క్యాన్సరుకి ఛాతీకి కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకున్నదాన్ని. ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికి ఇవ్వలేను కదా ఈ ఛాతీని.

ఇక్కడ గుండె డాక్టర్ని ఎలా ఎంచుకుంటారో నీకు తెలియదు, చెప్తాను విను. రెండు పద్ధతులు. ఒకటి విందు. డాక్టర్ లాంగ్‌ఫర్డ్ అని ఒకాయన, నెలకోసారి క్లబ్బులో అందరికీ స్టేక్ భోజనం పెట్టించి, గుండె బొమ్మలు తెర మీద చూపిస్తాడు. మా పక్కింటి ఫెర్న్ ఒక్క విందూ వదలదు. "ఒసేయ్ టిల్లీ, మనిషి ఎంత మర్యాదస్తుడనుకున్నావ్, తినేవాళ్ల దగ్గర గుండెపోటు మాట ఎత్తడు, ఐస్‌క్రీమ్ అయ్యాకే ఎత్తుతాడు" అంటుంది.

రెండోది పూల్. ఇదే అసలు పద్ధతి. పొద్దున నీళ్లలో ఎక్సర్‌సైజు చేసేటప్పుడు అందరి ఛాతీలూ కనిపిస్తాయి కదా. ఊళ్లో సగం మందికి మధ్యలో నిలువు గీత. ఎవరిది ఎవరి చేతి పనో చూడగానే చెప్పేస్తారు. లాంగ్‌ఫర్డ్ కుట్లు సన్నగా, తిన్నగా, తెల్లదారం అంటించినట్టు ఉంటాయి. సిటీలో కౌంటీ ఆసుపత్రిలో డాక్టర్ కింటానా అని ఇంకొకాయన ఉన్నాడు. ఆయన కోసినవాళ్లు మా పూల్‌లో ఒకరిద్దరే. వాళ్ల గీతలు చూస్తే, చెప్పకూడదు గానీ, చీకట్లో బస్తా కుట్టినట్టుంటాయి.

కనక లాంగ్‌ఫర్డే అనుకుంటున్నాను. నువ్వేమంటావు? ఒక పేజీలో చెప్పు.

నీ
టిల్లీ పిన్ని

తా.క. అక్రోటు రొట్టె అందింది. పైన మాడింది. మీ అమ్మ కూడా మాడ్చేది.


యంగ్స్‌టౌన్, ఒహాయో
జనవరి 19, 1997

పిన్నీ,

ఒక పేజీలో చెప్పడం నా వల్ల కాదు. ఏ సంపాదకుడూ చేయించలేని పని నువ్వు చేయించలేవు.

నీకు వాల్వు బిగుసుకుందన్న వాక్యం చదివి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ తర్వాత స్టేక్ దగ్గరికొచ్చాను. లేచి నిలబడ్డాను.

ఆ స్టేక్ ఎవరు పెడుతున్నారనుకుంటున్నావు? లాంగ్‌ఫర్డ్ జేబులోంచా? వయసుమళ్లిన వాళ్ల వైద్యానికి సర్కారు ఇచ్చే సొమ్ము ఆయన జేబులోకి పోయి, అందులో చిటికెడు మాంసం ముక్కయి మీ కంచంలోకి వస్తోంది. మీ సొమ్ము మీకే వడ్డించి, మర్యాదస్తుడనిపించుకుంటున్నాడు. ఊరి నిండా ముసలివాళ్లని పోగేసి, మధ్యలో గోల్ఫ్ మైదానం పెట్టి, చుట్టూ ఆసుపత్రుల బోర్డులు నాటిన దేశం ఇది. మీరు ఎండ కోసం వెళ్లామనుకుంటున్నారు. వాళ్లు మిమ్మల్ని పంట అనుకుంటున్నారు.

ఇక ఆ ఫెర్న్. ప్రతి విందుకీ వెళ్తుంది, ప్రతి ఒక్కర్నీ లాక్కెళ్తుంది. ఆవిడకి ఆ ఆసుపత్రి నుంచి ఏమైనా ముడుతోందేమో కనుక్కున్నావా?

కుట్ల సంగతికొస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్నీ, చర్మం కుట్టేది చాలాసార్లు సర్జన్ కాదు, కింద పనిచేసే కుర్ర డాక్టరు. ఇల్లు కట్టినవాణ్ణి గుమ్మానికేసిన రంగు చూసి మెచ్చుకున్నట్టుంది నీ పని. అయినా అసలు తప్పు అది కాదు. పూల్‌లో తేలుతున్నవాళ్లంతా బతికినవాళ్లు. పోయినవాళ్లు పూల్‌కి రారు. వాళ్ల కుట్లు ఎంత అందంగా ఉన్నాయో నువ్వు చూశావా? బతికినవాళ్లని అడిగితే ప్రతి డాక్టరూ దేవుడే. వెళ్లి విధవల్ని అడుగు. మీ ఊళ్లో వాళ్లకేం కొదవ లేదు కదా. ఎవరి భర్త ఎవరి చేతిలో పోయాడో అడుగు. అప్పుడు తెలుస్తుంది లాంగ్‌ఫర్డ్ సంగతి.

నా మాట విని ఆ కౌంటీ ఆసుపత్రికి వెళ్లు. విందులు పెట్టని డాక్టరు, బీదాబిక్కీ అందర్నీ చూసే డాక్టరు. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

రోజూ ఎంత ఆయాసం వస్తోందో నిజం రాయి. రొట్టె మాడలేదు, ఎర్రబడింది.

బెర్నడెట్


సిట్రస్ హేవెన్
ఫిబ్రవరి 2, 1997

బెర్నీ,

ముందు చీవాట్లు. నీ ఉత్తరం వంటింట్లో ఫెర్న్‌కి పైకి చదివి వినిపిస్తున్నాను, ఆవిడకి కళ్ళద్దాలు దొరకలేదని. ఆవిడ పేరు వచ్చేసరికి చూసుకోకుండా చదివేశాను. ముడుతోందేమో అన్న మాట కూడా. ఫెర్న్ కప్పు కింద పెట్టి, "నాకు ముడుతోందా? ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని డబ్బా సూపు తాగలేక వెళ్తున్నానే" అని గోల్ఫ్ బండెక్కి వెళ్లిపోయింది. వారం నుంచి మాటల్లేవు. నీ రాజకీయాలకి నా స్నేహం బలి.

అయినా నువ్వు చెప్పిన పని చేశాను. మంగళవారాలు క్లబ్బు వెనకగదిలో విధవల పేకాట ఉంటుంది. నేనూ మీ బాబాయి పోయినప్పటి నుంచి సభ్యురాలినే అనుకో, కానీ పేకలో నాకు కలిసిరాదని వెళ్లను. వెళ్లి కూర్చుని, ముక్కలు పంచుతుండగా అడిగేశాను. "మీ ఆయన్ని చివర్లో కోసింది ఎవరమ్మా?"

బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి. ఇక్కడ అలాంటివి అడగరు బెర్నీ. ఎవరు పోయినా క్లబ్బు జెండా దించరు. దించడం మొదలుపెడితే మళ్లీ ఎక్కించే తీరికుండదంటాడు మేనేజరు. మనిషి పోతే ఆ ఇంటి ముందు రెండు రోజులు బళ్లు ఆగుతాయి, మూడో రోజు నుంచి అతని ఊసుండదు. ఒకావిడ మెల్లగా, "కింటానా" అంది. పక్కావిడా, "మా ఆయన్నీ కింటానాయే." ఎదుటావిడా కింటానాయే. ఇంగ్రిడ్ లుండ్ అని మినసోటా మనిషి, పొడుగ్గా ఉంటుంది, చూపు పేకముక్కల్లోంచి ఎత్తకుండా, "మా ఆర్విడ్‌నీ ఆయనే" అంది. లాంగ్‌ఫర్డ్ పేరు ఒక్కరు చెప్పారు. అదీ గట్టిగా కాదు, ఆవిడ భర్త ఆపరేషను బాగానే అయ్యాక ఇంటి మెట్ల మీద జారి పడ్డాడట.

మరి ఇప్పుడేమంటావు? బతికినవాళ్లని అడిగినా లాంగ్‌ఫర్డే, పోయినవాళ్ల తరఫున అడిగినా లాంగ్‌ఫర్డే. నీ బీదాబిక్కీ డాక్టరు మాత్రం మా పేకాట బల్లకి సభ్యుల్ని సరఫరా చేస్తున్నాడు.

ఆయాసం సంగతి అడిగావు. మామూలే. జోళ్లు వేసుకోవడానికి వంగితే కాస్త ఎక్కువ. లాంగ్‌ఫర్డ్ దగ్గర ఇరవయ్యో తారీకుకి సమయం దొరికింది.

టిల్లీ పిన్ని

తా.క. ఫెర్న్‌కి క్షమాపణ చెప్తూ ఒక కార్డు రాయి. పూల బొమ్మ ఉన్నది. కార్మికుల బొమ్మ ఉన్నది వద్దు.


యంగ్స్‌టౌన్
ఫిబ్రవరి 10, 1997

పిన్నీ,

ఫెర్న్‌కి కార్డు పంపాను. గులాబీలు. ఆవిడ సూపు మాట చదివాక నా మీద నాకే అసహ్యమేసింది. దొంగని వెతుకుతూ ఆకలిగా ఉన్న మనిషి మీద చెయ్యేశాను.

నీ పేకాట బల్ల సంగతి నన్ను తికమక పెట్టేసింది. మూడు సార్లు చదివాను. నేను నీకిచ్చిన పరీక్షలో నేనే ఫెయిలయ్యాను. కౌంటీ ఆసుపత్రి అనగానే అక్కడ కూర్చున్నవాడు మంచివాడైపోతాడా? అక్కడ డబ్బుల్లేవు, పరికరాలు పాతవి, నర్సులు తక్కువ. ఇది నేనే పదేళ్లుగా రాస్తున్నాను. మళ్లీ నిన్ను అక్కడికే పొమ్మన్నాను. చేతిలో చావులు ఎక్కువున్న డాక్టరు దగ్గరికి, వాడు విందులు పెట్టడన్న ఒక్క కారణంతో. నా నమ్మకాలకి నీ ఛాతీని ప్రయోగశాల చేయబోయాను.

సరే, లాంగ్‌ఫర్డ్‌ని చూడు. కానీ కళ్లు తెరుచుకుని చూడు. నీకొక్క గుర్తు చెప్తాను, ఇది తప్పదు. ఈ దేశంలో డాక్టరుకి డబ్బు వచ్చేది కోస్తే. కోయకపోతే రాదు. అక్కర్లేని కోతల మీద మా పత్రికలో నేను రాసినవి నీకు పంపాను కదా, నువ్వు వాటి మీద బంగాళాదుంపలు ఒలిచి ఉంటావు. కాబట్టి లాంగ్‌ఫర్డ్ నిన్ను చూడగానే, "రేపే చేసేద్దాం, ఆలస్యం చేస్తే ప్రమాదం" అని తొందరపెడితే చేతిసంచీ తీసుకుని పారిపో. డబ్బొచ్చే చోట వద్దు అనగలిగినవాడే డాక్టరు. తక్కినవాళ్లు వ్యాపారులు.

జోళ్లు వేసుకోవడానికి వంగడం మానేయి. జారుడు చెప్పులు కొనుక్కో.

బెర్నడెట్


సిట్రస్ హేవెన్
ఫిబ్రవరి 21, 1997

బెర్నీ!

కూర్చో. నవ్వు. నాకు కోత లేదు!

లాంగ్‌ఫర్డ్ నిన్న నన్ను చూశాడు. ఏం మనిషే బాబూ, వెంట్రుక కూడా చెదరదు. నా ఫోటోలన్నీ దీపం ముందు పెట్టి చూశాడు. ఛాతీకి కరెంటు ఎప్పుడు పెట్టించుకున్నారు, ఎన్నిసార్లు పెట్టారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అని అడిగాడు. నేను చెప్తుంటే వినడం ఆపి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "టిల్లీ గారూ, ఈ ఛాతీకి కత్తి ఎందుకు? హాయిగా ఎండలో కూర్చోండి. ఉప్పు తగ్గించండి. మీ నారింజ చెట్లు చూసుకోండి. మీలాంటి వాళ్లని మేము ఇబ్బంది పెట్టం" అన్నాడు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నువ్వు చెప్పిన గుర్తు అచ్చంగా కుదిరింది. కోస్తే వచ్చే డబ్బు చేతికందేంత దూరంలో ఉంది, వద్దన్నాడు!

ఫెర్న్ బయట కూర్చుంది. నీ గులాబీల కార్డుకి మెత్తబడిపోయిందిలే. "నేను చెప్పలే? దేవుడే ఆయన" అని నన్ను వాటేసుకుంది. ఇద్దరం తిరిగొచ్చేటప్పుడు గోల్ఫ్ బండిలో పాటలు పాడుకుంటూ వచ్చాం. కాపలా తిరిగే ముసలాయన ఒకడు బండి ఆపి, "తాగారా అమ్మా?" అని అడిగాడు.

కొంచెం తల తిరగడం ఉందిలే. మొన్న బట్టలుతికే గదిలో ఒకసారి గోడ పట్టుకున్నాను. అక్కడ వేడి ఎక్కువ. వేడికే అయ్యుంటుంది.

ఉప్పు లేని సూపు ఎలా తాగాలో ఎవరైనా చెప్తే బాగుండు.

సంతోషంగా,
టిల్లీ పిన్ని


యంగ్స్‌టౌన్
మార్చి 1, 1997

పిన్నీ,

నీ ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. బయట మంచు మోకాళ్ల దాకా ఉంది. లోపల నాకు వేసవిలా ఉంది.

డాక్టర్ లాంగ్‌ఫర్డ్‌ని నేను తప్పుగా అనుకున్నాను. వ్యాపారి అన్నాను, స్టేక్ దొంగ అన్నాను. కోట్లు ఆర్జించే యంత్రం మధ్యలో నిలబడి, ఒక డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడకి "మిమ్మల్ని కోయను" అని చెప్పిన మనిషి. తప్పు చేశానని చాటుగా ఒప్పుకుంటే చాలదు, బహిరంగంగా ఒప్పుకోవాలి. అందుకని ఈ వారం నా శీర్షిక ఆయన మీదే రాశాను. "కత్తి వద్దన్న డాక్టరు" అని పేరు పెట్టాను. ఆయన పేరూ ఊరూ రాశాను. కోతలకి అలవాటుపడ్డ ఈ దేశంలో చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఎంత తెగువ కావాలో రాశాను. ఒక కాపీ ఆయన ఆసుపత్రికి కూడా పంపాను. నీకొకటి ఇందులో పెడుతున్నాను. దీని మీద బంగాళాదుంపలు ఒలవకు.

ఒక్క విషయమే నా బుర్రకెక్కడం లేదు. మీ మామూలు డాక్టరు, ఇది మార్చాల్సిందే అన్నాడు కదా. లాంగ్‌ఫర్డ్ వద్దన్నాడు. మరి ఆ వాల్వు ఏమైనట్టు? దానంతటదే వదులైందా? లేక మొదటాయనే పొరబడ్డాడా? ఒకసారి అడిగి రాయి. తొందరేం లేదు.

ఉప్పు బదులు నిమ్మరసం పిండుకో. మీ ఊళ్లో నిమ్మకాయలకి కరువా?

బెర్నడెట్


సిట్రస్ హేవెన్
మార్చి 12, 1997

బెర్నీ,

నీ వ్యాసం నేను కాపీలో చదవలేదు. క్లబ్బులో చదివాను. శనివారం విందులో ప్రతి కంచం పక్కనా, మడిచిన రుమాలు కింద పెట్టారు. రంగు కాగితం మీద అచ్చేయించారు. పైన లాంగ్‌ఫర్డ్ ఫోటో, కింద నీ పేరు. "మా టిల్లీ వాళ్ల అక్క కూతురు రాసిందే ఇది" అని ఫెర్న్ బల్లబల్లకీ తిరిగి చెప్పింది. ఇద్దరు కొత్తగా ఆయన దగ్గర పేరు రాయించుకున్నారు.

సోమవారం పొద్దున నేను పూల్‌లో పడిపోయాను. నీళ్లు నడుం దాకానే. చేతులు పైకెత్తమంది టీచరు, ఎత్తాను, అంతే, ఆ తర్వాత నీలంగా ఉంది, చల్లగా ఉంది, ఎవరో జుట్టు పట్టుకుని లాగుతున్నారు. ఇంగ్రిడ్ లుండ్. ఎనభై ఏళ్ల మనిషి, నన్ను పిల్లిపిల్లలా లాగి మెట్ల మీద కూర్చోబెట్టింది.

ఊపిరి తిరిగాక, "నాకేం కాదులే, డాక్టర్ లాంగ్‌ఫర్డ్ నాకు కోత అక్కర్లేదన్నాడు" అన్నాను.

ఆవిడ తువ్వాలు పిండడం ఆపింది. "ఏమన్నాడు? ఈ ఛాతీకి కత్తి ఎందుకు, ఎండలో కూర్చోండి అన్నాడా?"

"నీకెలా తెలుసు?"

"చెయ్యి పట్టుకున్నాడా?"

"రెండు చేతులూ."

"ఆర్విడ్‌కీ పట్టుకున్నాడు" అంది. "మేమూ పాటలు పాడుకుంటూనే వచ్చాం టిల్లీ. ఎనిమిది నెలలు ఎండలో కూర్చోబెట్టాను మా ఆయన్ని. రోజురోజుకీ ఊపిరి తగ్గిపోయింది. కాళ్లు ఉబ్బాక కింటానా దగ్గరికి తీసుకెళ్లాను. ఆలస్యమైంది, అయినా ప్రయత్నిస్తాను అన్నాడు. ప్రయత్నించాడు. ఆర్విడ్ పోయాడు. అక్కర్లేదని కాదే పిచ్చిదానా. నువ్వు తన బల్ల మీద పోతావని ఆయన భయం."

నిన్న మంగళవారం. వెనకగదికి నేను వెళ్లకముందే ఇంగ్రిడ్ అడిగేసింది. కింటానా దగ్గరికి వెళ్లకముందు ఎవరి దగ్గరికి వెళ్లారని. బెర్నీ, ఒక్కావిడ తప్ప అందరూ లాంగ్‌ఫర్డ్ దగ్గరికే వెళ్లారు. అందర్నీ ఆయన చెయ్యి పట్టుకుని పంపేశాడు. ఒకావిడ, "అదేంటే, బాగున్నారన్నాడు కదా" అని ఇప్పటికీ అంటోంది. మిగతావాళ్లు ముక్కలు పోగుచేసి పెట్టెలో పెట్టేశారు.

మామూలు డాక్టర్ని అడిగాను. వాల్వు వదులవదట. బిగుసుకోవడమేనట. ఏమీ చేయకపోతే ఇంకో ఏడాది అన్నాడు, అది కూడా నేల చూస్తూ. మరి లాంగ్‌ఫర్డ్ ఎందుకలా అన్నాడంటే, "తన దగ్గర నూటికి తొంభైతొమ్మిది మంది నడిచి వెళ్తారని బోర్డు పెట్టాడు కదండీ" అన్నాడు.

నాకేమీ తోచడం లేదు. కుట్లు బాగున్నవాడు నన్ను ముట్టుకోడు. ముట్టుకునేవాడి దగ్గర మనుషులు పోతారు. పోతారు కాబట్టి చెడ్డవాడా, పోయేవాళ్లని కూడా తీసుకుంటాడు కాబట్టి మంచివాడా? నీకు తెలిస్తే చెప్పు. తెలియకపోతే దయచేసి తెలిసినట్టు రాయకు.

శుక్రవారం కింటానాని చూస్తాను. ఇంగ్రిడ్ తీసుకెళ్తానంది. ఫెర్న్ మంచం దిగడం లేదు, నన్ను తనే చంపేస్తోందని ఏడుస్తోంది. తన తప్పేమీ లేదని నువ్వు కూడా ఒక ముక్క రాయి.

టిల్లీ


యంగ్స్‌టౌన్
మార్చి 17, 1997

పిన్నీ,

నాకు తెలియదు. రాశాను చూడు. నాకు తెలియదు.

తెలిసింది ఒక్కటే. వద్దు అన్న మాట వినగానే నేను చప్పట్లు కొట్టాను, ఎందుకంటే నేను వినాలనుకున్న మాట అదే. అక్కర్లేని కోత గురించి ఇన్నేళ్లు రాశాను. అవసరమైన కోతని ఎగ్గొట్టేవాడు కూడా ఉంటాడని ఒక్కసారీ తట్టలేదు. కోసి సంపాదించేవాణ్ణి పట్టుకుందామని కాపలా కూర్చుంటే, కోయకుండా పేరు సంపాదించేవాడు నా పక్కనుంచే నడిచి వెళ్లాడు, నా వ్యాసం చంకలో పెట్టుకుని. ఆ కొత్తగా పేరు రాయించుకున్న ఇద్దరూ ఎవరు? వాళ్ల వాల్వులెలా ఉన్నాయి? నాకు పేర్లు కావాలి. వాళ్లకి నేను రాస్తాను. పత్రికలోనూ రాస్తాను, నా పేరుతోనే, మొదటిదానికంటే పెద్ద అక్షరాల్లో.

చావుల్ని లెక్కపెట్టి డాక్టర్ల పేర్ల పక్కన అచ్చేయండని పోరాడినవాళ్లలో నేనూ ఉన్నాను. ప్రజలకి తెలియాలి అన్నాం. లెక్క పెట్టగానే వాళ్లు ఏం చేశారు? చావు దగ్గరపడ్డవాళ్లని గుమ్మం దాటనివ్వడం మానేశారు. బోర్డు మీద అంకె తళతళలాడుతోంది, దానికోసం ఆర్విడ్ ఎండలో కూర్చున్నాడు. లెక్కే పెట్టొద్దందామా? అప్పుడు కసాయివాడు దాక్కుంటాడు. ఇదెలా సరిచేయాలో ఇవాళ నాకు తెలియడం లేదు. కోపం ఉంది, అది ఎటు తిప్పాలో తెలియడం లేదు. సగం నా వైపే తిరుగుతోంది.

కింటానా దగ్గర ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నేను వచ్చాక వెళ్దాం. కాదు, శుక్రవారం అయిపోయింది, ఈపాటికి నువ్వు వెళ్లొచ్చేసి ఉంటావు. సంతకం పెట్టేసి ఉంటే పెట్టేసినట్టే. పెట్టకపోతే ఆగు. క్లీవ్‌ల్యాండ్‌లో పెద్ద ఆసుపత్రి ఉంది, ఇక్కడికొచ్చేయి. వద్దు, విమానంలో ఊపిరాడకపోతే? ఆయన్ని అడగాల్సినవి నా దగ్గర రెండు పేజీలున్నాయి. ఇలాంటి ఛాతీలు ఎన్ని తెరిచాడు, ఆ నర్సులు చాలా, రాత్రిళ్లు ఎవరుంటారు. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎందుకెత్తలేదు?

ఫెర్న్‌కి చెప్పు, చంపబోయింది ఆవిడ కాదని. ఆవిడ విందుకి రమ్మని పిలిచింది, అంతే. వ్యాసం రాసింది నేను.

బెర్నీ


సిట్రస్ హేవెన్
మార్చి 24, 1997

బెర్నీ,

ఫోన్ ఎత్తలేదు, ఎందుకంటే ఇంగ్రిడ్ ఇంట్లో పడుకుంటున్నాను. నన్ను ఒంటరిగా స్నానానికి కూడా పోనివ్వడం లేదు, పోలీసుదానిలా.

కింటానాని చూశాను. ఆ ఆసుపత్రి గురించి నువ్వు రాసినవన్నీ నిజమే. లిఫ్టు పనిచేయదు, కుర్చీలు చిరిగాయి, నేను మూడు గంటలు కూర్చున్నాను. చివరికొచ్చాడు. పొట్టిగా ఉన్నాడు, చొక్కా మీద ఏదో మరక. చెయ్యి పట్టుకోలేదు. నా మొహం వైపు కూడా ఎక్కువ చూడలేదు, ఫోటోల వైపే చూశాడు.

"చేయొచ్చు" అన్నాడు. "చేస్తే మీరు పోవచ్చు. కరెంటు పెట్టిన చోట లోపలంతా గట్టిపడి ఉంటుంది, ఎంత గట్టిగా ఉందో తెరిస్తేగానీ తెలియదు. చేయకపోతే ఊపిరాడక పోతారు, మెల్లగా. ఆర్నెల్ల కిందట వచ్చుంటే బాగుండేది, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు."

నీ రెండు పేజీలు నా దగ్గర లేవు. కనక నా ప్రశ్నే అడిగాను. "మీ చేతిలో చాలామంది పోయారట కదా డాక్టరు గారూ?"

"అవును" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. వాళ్లంతా ముదిరిపోయాక వచ్చారనో, వేరేవాళ్లు తోసేశారనో. లాంగ్‌ఫర్డ్ పేరు నేనే ఎత్తాను. దానికీ ఏమీ అనలేదు. ఇది నిజాయితీయో, మొండితనమో, మనసు రాయైపోయిన మనిషో నాకు తెలియలేదు బెర్నీ. ఇప్పటికీ తెలియదు. బయటికొచ్చేద్దామని సంచీ కూడా తీసుకున్నాను. లాంగ్‌ఫర్డ్ చేతులు గుర్తొచ్చాయి. వెచ్చగా ఉండేవి.

అప్పుడు అడిగాడు, "ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి?"

"మా అక్క కూతురికి. మీ నర్సుతో చెప్పించకండి, ఆ పిల్ల తట్టుకోలేదు" అన్నాను.

"నేనే చెప్తాను. ఎవర్నీ పంపను."

"మీకు తెలియదు. అది ఏడవదు, గొడవ పెట్టుకుంటుంది. మిమ్మల్ని నానా మాటలూ అంటుంది. పత్రికలో రాస్తుంది."

ఆయన అప్పుడు నా వైపు తిరిగి మొదటిసారి సరిగ్గా చూశాడు. "రాయనివ్వండి. ఆవిడ అనాల్సినవన్నీ అనేదాకా పక్కన కూర్చుంటాను. నాకు వేరే పనేం ఉంటుంది అప్పుడు?" అన్నాడు.

సంచీ కింద పెట్టి సంతకం పెట్టాను. మంచి గుండె డాక్టరు ఎవరని అడిగితే ఇవాళ్టికీ చెప్పలేను, ఎవరైనా అడిగితే దారి తప్పించుకు తిరుగుతాను. కానీ నేను లేచి రాకపోతే, ఆ గదిలో నువ్వు ఒక్కదానివే ఉంటావని నాకు ఇన్నాళ్లూ లోపల బెంగ. ఒక్కదానివే ఉండవు.

ఆపరేషను వచ్చే నెల మూడో తారీకు, గురువారం పొద్దున. ఇది అందిన రోజే బయల్దేరితే అందుకుంటావు.

టిల్లీ పిన్ని